హెలికాప్టరుకి హ్యాండ్‌బ్రేకు లేదు

డ్రైవరుకి బండి తోలడం పెద్ద విద్య కాదు. ఆపడం విద్య. ఈ మాట డిపోలో కొత్తగా చేరిన వాళ్ళకి చెప్పీ చెప్పీ విసిగించేవాణ్ణి. ఆక్సిలేటరు ఎవడైనా తొక్కగలడు. స్టాపులో నిలబడ్డ ముసలమ్మ ముందుకి సరిగ్గా తలుపు వచ్చేలా, లోపల నిలబడ్డవాళ్ళు ఒకరి మీద ఒకరు పడకుండా ఆపాలంటే చెయ్యి తిరగాలి. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం, తణుకు, కైకలూరు రూట్లలో ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు నడిపాను. ఒక్క యాక్సిడెంటు లేదు. ఎర్రబస్సెక్కి వచ్చాడని జనం ఎవరినైనా వెక్కిరిస్తుంటారు కదా, అలాంటివాళ్ళందరినీ ఎక్కించుకొచ్చినవాణ్ణి నేనే.

రిటైరైన రోజు డిపోలో శాలువా కప్పి, గోడ గడియారం చేతిలో పెట్టారు. మా అమ్మాయి మాత్రం పెద్ద అట్టపెట్టె పంపింది. అమ్మాయి గూడెంలో ఇంజనీరింగు చదివేటప్పుడు కొన్న కంప్యూటరు మా ఇంట్లోనే ఉండిపోయింది. పెట్టెలో దానికి తగిలించే జాయ్‌స్టిక్కు, ఎడమచేతి పక్కన బిగించుకునే లీవరు, కాళ్ళ దగ్గర పెట్టుకునే రెండు పెడళ్ళు ఉన్నాయి. యుద్ధ హెలికాప్టర్ల ఆటట. ఆట అంటే అమ్మాయికి కోపం.

"ఆట కాదు నాన్నా, సిమ్యులేటరు. నిజం హెలికాప్టరు ఎలా కదులుతుందో ఇదీ అలాగే కదులుతుంది. వరదల్లో హెలికాప్టరు చూశానని వందసార్లు చెప్పావు. ఇంక నువ్వే నడుపుకో" అంది ఫోనులో.

వందసార్లు చెప్పిన మాట నిజమే. నాకు తొమ్మిదేళ్ళప్పుడు కొల్లేరు పొంగి మా ఊళ్ళోకి వచ్చేసింది. బడి డాబా మీద రెండు రోజులున్నాం. మూడోరోజు హెలికాప్టరు వచ్చి పులిహోర పొట్లాలు వేసింది. పొట్లాల సంగతి మా అమ్మకి గుర్తుండేది. నాకు గుర్తున్నది వేరు. చుట్టూ నీళ్ళు, రోడ్డు లేదు, స్టాపు లేదు. అయినా అది సరిగ్గా మా డాబా ముందుకొచ్చి, మేం అందుకునేంత దగ్గరలో ఆగింది. ఆ తరవాత ఎన్ని బళ్ళు చూసినా, అంత బాగా ఆపినవాణ్ణి మాత్రం నేను చూడలేదు.

అందుకని నాకు ఆ సిమ్యులేటరులో యుద్ధం అక్కర్లేదు. హెలికాప్టరుని గాలిలో ఒక్కసారి అలా ఆపాలి. దాన్ని హోవర్ అంటారని అమ్మాయి చెప్పింది. ముప్పై ఏళ్ళు బండి ఆపడమే విద్య అని చెప్పుకు తిరిగినవాణ్ణి, వారంలో పట్టేస్తాననుకున్నాను.

మొదటిరోజు పొద్దున్నే స్నానం చేసి, కంప్యూటరుకి బొట్టు పెట్టి కూర్చున్నాను. కొత్త బండి ఎక్కేటప్పుడు అది మాకు అలవాటు. నిమ్మకాయ కూడా తెచ్చాను గానీ దేని కింద పెట్టాలో తెలియక మజ్జిగలో పిండుకున్నాను.

పాత బస్సుల్లో హ్యాండ్‌బ్రేకు ఎడమచేతి పక్కన ఉంటుంది. హెలికాప్టరులోనూ ఎడమచేతి పక్కన అచ్చం అలాంటి లీవరే ఉంటుంది. తేడా ఒక్కటే. ఇది పైకి లాగితే బండి ఆగదు, ఆకాశంలోకి లేస్తుంది. ఈ సంగతి అమ్మాయి ముందే చెప్పింది. నా బుర్రకి తెలుసు. చేతికి తెలియదు.

నేలమీంచి నాలుగడుగులు లేచానో లేదో బండి ముందుకి జారడం మొదలుపెట్టింది. కుడికాలు బ్రేకు కోసం వెళ్ళింది. తొక్కితే ముక్కు కుడికి తిరిగింది. ఎడమకాలు క్లచ్చు కోసం వెళ్ళింది. ముక్కు ఎడమకి తిరిగింది. రెండూ కలిపి తొక్కుదామంటే ఒకటి కిందికి పోతే రెండోది పైకొస్తోంది. ఎదురుగా మా క్యాంపు గుడారాలు. అలవాటు కొద్దీ బొటనవేలు హారన్ కొట్టింది. స్టిక్కు మీద బొటనవేలి కింద ఉన్నది హారన్ కాదు, రాకెట్ల మీట. రాకెట్లు పోయి మా సొంత డీజిల్ ట్యాంకు మీద పడ్డాయి. ఇక ఆఖరి ప్రయత్నంగా హ్యాండ్‌బ్రేకు గట్టిగా లాగాను. నిట్టనిలువునా లేచి, పక్కకి ఒరిగి, ఆ మంటల్లోనే వచ్చి పడ్డాను.

"ఏవండీ, ఏంటండీ ఆ చప్పుడు?" అంది మా ఆవిడ వంటింట్లోంచి.

"ఏం లేదు. డిపో కాలిపోయింది."

ఆ తరవాత నెలరోజులు ఇంతే. పొద్దున్న టిఫిన్ అయ్యాక రెండు గంటలు కూర్చునేవాణ్ణి, కూలేవాణ్ణి. ఎక్కడికో ఎగిరి వెళ్ళడం పదిరోజుల్లో వచ్చేసింది. వేగం మీదున్నంతసేపు హెలికాప్టరు బుద్ధిగానే ఉంటుంది. ఆపుదామనేసరికి దయ్యం పడుతుంది. ముందుకి జారితే వెనక్కి లాగుతాను, అది వెనక్కి పరిగెడుతుంది. ముందుకి తోస్తాను, ఇంకా జోరుగా ముందుకొస్తుంది. ఒకసారి ఇలా ఊగుతూ ఊగుతూ క్యాంపు దాటిపోతే, ఎవడో శత్రువు కొండ మీంచి కాల్చేశాడు. నిజం చెప్పాలంటే వాడు నాకు సాయమే చేశాడు.

మా ఆవిడ వంటింట్లోంచే లెక్కపెట్టేది. "ఇది ఇవాళ్టికి తొమ్మిదోదండీ. ఉద్యోగం చేసినన్నాళ్ళూ క్షేమంగా ఇంటికొచ్చేవారు. ఇప్పుడు ఇంట్లో కూర్చుని పోతున్నారు" అనేది. నాకు ముక్కుమీద కోపం. ఆడలేనమ్మ మద్దెల ఓడన్నట్టు, జాయ్‌స్టిక్కు చవకబారుదని అమ్మాయి మీద విరుచుకుపడ్డాను. "అది ఎంతో నేను చెప్పనులే నాన్నా, అమ్మ వింటుంది" అంది.

పైకి కోప్పడుతున్నాను గానీ లోపల భయం వేసేది. రిటైరయ్యాక మనిషికి మిగిలేవి రెండు మూడు సంగతులే. నాకు మిగిలినది ఒక్కటి, బండి ఆపడం వచ్చు అన్న మాట. అది కూడా బస్సు గొప్పేగానీ నాది కాదేమోనని అనుమానం మొదలైంది. ఈ హెలికాప్టరుని ఆపలేకపోతే ఆ అనుమానం నన్ను వదలదని నాకు తెలుసు.

అప్పుడు మా బావమరిది పన్ను పీకించుకోడానికి వచ్చాడు.

మా ఆవిడ తమ్ముడు వాడు. కైకలూరు అవతల కొల్లేటి పక్క ఊళ్ళో ఉంటాడు. పదహారో ఏటి నుంచి చేపల చెరువుల్లో మేత కట్టే పని. చెరువు నిండా అక్కడక్కడా వెదుళ్ళు పాతి ఉంటాయి. తవుడు, నూనె తీసిన వేరుశెనగ చెక్క కలిపి చిల్లుల గోతాల్లో నింపి, పొడుగాటి గెడకర్రతో దోనె తోసుకుంటూ వెళ్ళి ఒక్కో వెదురుకీ ఒక్కో గోతం కట్టాలి. గూడెం మిల్లుల తవుడే చాలావరకు. చేపలు వచ్చి ఆ చిల్లుల్లోంచి పొడుచుకు తింటాయి. వాడు సైకిలు తప్ప మరే బండీ నడిపినవాడు కాదు. దాచుకోవడం ఎందుకు, నేను వాణ్ణి ఎప్పుడూ కొంచెం తక్కువగానే చూశాను. పర్మినెంటు ఉద్యోగం వాణ్ణి కదా.

ఇంకో సంగతి కూడా ఉంది. మా అమ్మాయి మొదటి పుట్టినరోజు నాడు నేను కైకలూరు నుంచి ఏలూరు వస్తున్నాను. కొత్త కండక్టరు. బస్సు నిండా తెల్లబట్టలేసుకున్న పెళ్ళివారు. గట్టు మలుపులో మా బావమరిది నిలబడి ఉన్నాడు, మోకాళ్ళదాకా బురద, నెత్తిమీద నీళ్ళు కారుతున్న చేపల గోతం. మా ఇంటికే తెస్తున్నాడు. చెయ్యెత్తాడు. తడి గోతాలు ఎక్కించకూడదని రూలు ఉన్నమాట నిజమే గానీ, నాకు గుర్తొచ్చింది రూలు కాదు. వీడు ఎక్కి "బావగారూ" అంటాడు, అందరూ వింటారు. బ్రేకు మీదికి వెళ్ళిన కాలు మళ్ళీ ఆక్సిలేటరు మీదికొచ్చింది. నేను సిగ్గుపడి ఆపలేదు. వాడు వెనకాల ఏ లారీ పట్టుకునో వచ్చాడు, చేపలు ఇచ్చాడు, ఒక్క మాట అనలేదు. రాత్రి ఆ పులుసు నేను రెండోసారి కూడా వేయించుకుని తిన్నాను. ఇరవై నాలుగేళ్ళైంది. వాడు అడగలేదు, నేను చెప్పలేదు.

పన్ను పీకించుకొచ్చిన రోజు వాడి నోట్లో దూది. కరిచి పట్టుకోవాలి, మాట్లాడకూడదు. ఏం చెయ్యాలో తోచక వచ్చి నా పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. నేను వరసగా మూడుసార్లు కూలాను. నాలుగోసారి లేస్తుంటే వాడు చెయ్యి చాపి, నా కుడి ముంజేతిని తీసి నా తొడమీద ఆనించి పెట్టాడు. స్టిక్కుని మూడు వేళ్ళతో పట్టుకోమన్నట్టు తన వేళ్ళు చూపించాడు. నాకు ఒళ్ళు మండింది.

"అంత తెలిస్తే నువ్వే కూర్చో" అని లేచాను.

కూర్చున్నాడు. మొదటిసారి కూల్చాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. రెండోసారి, మూడోసారి కూల్చాడు. ఎంగిలి దూది మార్చుకొచ్చి నాలుగోసారి లేపాడు. హెలికాప్టరు ఊగింది, కొంచెం తూలింది, ఆ తరవాత నిలబడింది. స్టిక్కు కదులుతున్నట్టే లేదు. వాడు తెరవంక చూస్తూ చెరువులో ఉన్నవాడిలా కూర్చున్నాడు. గోడ మీద నా రిటైర్మెంటు గడియారంలో నిమిషం ముల్లు కదిలేదాకా నిలబెట్టాడు. మా ఆవిడ గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, "చప్పుడు లేదేంటా అని వచ్చాను" అంది.

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని నాకు తెలుసు. వాడు నా బావమరిది అవుతాడని తెలియదు. ఆ పూట నాకు అన్నం సహించలేదు. కుళ్ళు, ఇంకేం కాదు.

మర్నాడు నోట్లో దూది తీశాక అడిగాను, ఎలా వచ్చిందని.

"గెడలాగే ఉందండి బావగారూ" అన్నాడు. "దోనె పోయాక పట్టుకుంటే లాభం ఉండదండి. పోదామనుకుంటున్నప్పుడే పట్టుకోవాలి. మీరు పోయేదాకా చూస్తున్నారు."

"పోదామనుకుంటున్నట్టు ఎలా తెలుస్తుందోయ్?"

వాడు గాలిలో గెడ పట్టినట్టు చేతులు పెట్టి చూసి, మానేశాడు. "చెప్పడం రాదండి. చెరువు మీదికి వస్తారా?"

కోపం తగ్గకపోయినా వెళ్ళాను. మొండితనం కోపం కంటే పెద్దది నాకు. పొద్దున్న ఆరింటికి వాడి చెరువు దగ్గరున్నాను. దోనెలో తవుడు గోతాల మధ్య నన్ను కూర్చోబెట్టి, వాడు వెనక నిలబడి గెడ వేశాడు. నేను ముప్పై ఏళ్ళు ఆ గట్టు పక్కనుంచే బస్సు నడిపాను, ఆ పని ఒక్కసారి కూడా సరిగ్గా చూడలేదు. దోనె వెదురు దగ్గరికి వస్తుంది. గాలి దాన్ని పక్కకి లాగుతుంది. వాడు గెడని తొడకి ఆనించి, నీళ్ళల్లో కొంచెం, చాలా కొంచెం నొక్కుతాడు. దోనె ఇంకా జరగనే లేదు, వాడి నొక్కు ముందే పడింది. వెదురు వాడి చేతికి జానెడు దూరంలో ఆగుతుంది. రెండు చేతులూ వదిలేసి గోతం కడతాడు. తొడ ఒక్కటే గెడని కాస్తుంటుంది. అలా అరవై వెదుళ్ళు, రోజూ.

"ఇప్పుడు మీరు పట్టండి" అన్నాడు.

లేచి నిలబడి గెడ పట్టుకున్నాను. బండి స్టీరింగు పట్టినట్టు రెండు చేతులా బిగించి పట్టాను. గాలి దోనెని తిప్పేదాకా ఆగి, తిప్పాక బలంగా తోశాను. దోనె వెళ్ళిపోయింది. గెడ బురదలో దిగి అక్కడే ఉండిపోయింది. గెడతో పాటు నేనూ ఉండిపోయాను. కాసేపు దాన్ని కౌగలించుకుని వేలాడి, మెల్లగా నడుంలోతు నీళ్ళల్లోకి దిగాను. శీలావతి చేప ఒకటి నా కాలుని పొడిచి చూసింది. గట్టు మీద పనివాళ్ళు నవ్వు ఆపుకోలేక పక్కకి తిరిగారు. మా బావమరిది నవ్వలేదు. దోనె వెనక్కి తెచ్చి, నా చేతికి అందేలా సరిగ్గా నా ముందు ఆపాడు.

నాకు అక్కడ, ఆ నీళ్ళల్లో నిలబడి, రెండు సంగతులు ఒకేసారి బుర్రకెక్కాయి. ఒకటి, వాడు నేను చూసినవాళ్ళల్లో కల్లా గొప్ప డ్రైవరు. రెండు, నేను వాడికోసం ఆపలేదు, వాడు నాకోసం ఆపాడు. సిగ్గుతో ఒళ్ళంతా వేడెక్కింది. తడిబట్టలతో దోనెలోకి ఎక్కుతూ ఏదో అనబోయి, "నీళ్ళు చల్లగా ఉన్నాయోయ్" అన్నాను.

ఆ పూటంతా అక్కడే ఉన్నాను. నల్లా తెల్లా లకుముకి పిట్ట ఒకటి చెరువు మీద గాలిలో ఒకేచోట నిలబడి రెక్కలు కొడుతోంది. దాన్ని కూడా ఎన్నో వేలసార్లు చూసే ఉంటాను. మధ్యాహ్నానికి దోనె నా మాట కొంచెం వినడం మొదలుపెట్టింది. చేతులతో కాదు, అరికాళ్ళతో తెలుస్తుంది ఆ సంగతి. దోనె కదలబోయే ముందు కాలికింద చిన్న బరువు మారుతుంది. వాడికి చెప్పడం రానిది అదే.

ఇంటికొచ్చాక చెప్పులు తీసేసి పెడళ్ళ మీద ఉత్తకాళ్ళు పెట్టాను. కంప్యూటరులో కాలికింద బరువు మారదు, నిజమే. కానీ తెరలో ముక్కు కొస ఆకాశం మీద వెంట్రుకవాసి వంగడం కనిపిస్తుంది. నెలరోజులుగా నేను కింద నేలని చూస్తున్నాను, ఎంత జారిపోయామా అని. చూడవలసింది ఆ కొసని. ముంజేయి తొడమీద పెట్టి, మూడు వేళ్ళతో పట్టుకుని, వారంరోజులు అదే పని. కూలడం రోజుకి తొమ్మిది నుంచి నాలుగుకి దిగింది. నాలుగు నుంచి ఒకటికి. మా ఆవిడ లెక్కపెట్టడం మానేసి, తనూ మధ్యలో వచ్చి చూసి వెళ్ళేది.

వారం తరవాత డాక్టరుకి నోరు చూపించుకోడానికి మా బావమరిది మళ్ళీ వచ్చాడు. కాఫీ అయ్యాక, చెప్పకుండానే వెళ్ళి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. లైసెన్సు టెస్టు నాడు కూడా నేనంత భయపడలేదు. లీవరు మెల్లగా లేపాను. బండి లేచింది. కుడికి పోదామనుకుంది, మూడు వేళ్ళు ముందే పలికాయి. వెనక్కి పోదామనుకుంది, అప్పుడూ అంతే. ఇంక ఎటైనా పోదామన్న ఆలోచనే అది మానుకుంది. నేలకి పదడుగుల ఎత్తున, గాలిలో, హెలికాప్టరు ఆగింది.

"అదిగోనండి, ఆగింది" అన్నాడు వాడు.

మెల్లగా దింపాను. చక్రాలు నేలకి తగిలిన చప్పుడు వినిపించింది. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అది గెలుపు వల్లో, ఇరవై నాలుగేళ్ళుగా లోపల ఉన్నదాని వల్లో చెప్పలేను. వాడి మొహం చూడకుండా, తెర వంకే చూస్తూ అన్నాను.

"పాప మొదటి పుట్టినరోజు నాడు, గట్టు మలుపులో, నేను బస్సు ఆపలేదు. నిన్ను చూశాను. చూసి కూడా ఆపలేదు. సిగ్గుపడ్డాను. అది తప్పు."

వాడు నాలికతో పన్ను పోయిన చోటు తడుముకున్నాడు.

"నేను చెయ్యి దించేశాను కదండీ" అన్నాడు.

"ఏంటి?"

"బస్సు కదాని చెయ్యెత్తానండి. దగ్గరికొచ్చాక అద్దంలోంచి మీరు కనిపించారు. గోతం కారుతుంది, లోపలేమో పెళ్ళివారు. ఎక్కిస్తే అందరూ మిమ్మల్ని అంటారు, ఎక్కించకపోతే మీకు బాధ. అందుకని దించేశానండి. మీరు చూళ్ళేదా?"

చూడలేదు. అప్పటికే నేను మొహం రోడ్డు వైపు తిప్పేసుకున్నాను. ఇన్నేళ్ళూ వాడికి అన్యాయం చేశానని మాత్రమే అనుకున్నాను. నా బండి జారబోతోందని నాకంటే ముందే తెలుసుకుని, వాడు గట్టు మీంచే గెడ నొక్కాడని తెలియదు.

"అయినా నేను ఆపాల్సింది" అన్నాను.

"ఆపాల్సిందేనండి" అన్నాడు వాడు, మొహమాటం లేకుండా. ఆ మాటకి నా గుండె తేలికైంది. తరవాత తెర మీద వేలు పెట్టి చూపించాడు. క్యాంపు కంచె పక్కన ఒక ఎర్ర పీపా ఉంది. "అది నేననుకోండి. చుట్టూ ఓ తిరుగు తిరిగొచ్చి, ఆ పీపా దగ్గర ఆపండి చూద్దాం."

లేచాను. క్యాంపు చుట్టూ ఒక చుట్టు తిరిగాను. కంచె మీదుగా వచ్చి, వేగం తగ్గించి, ముక్కు కొస చూసుకుంటూ, పెడళ్ళ మీద ఉత్తకాళ్ళతో దింపాను. బస్సుకి లాగే ఆ హెలికాప్టరుకీ తలుపు ఎడమ పక్కనే. తలుపు సరిగ్గా ఎర్ర పీపా ముందుకి వచ్చింది. ఆపాను. ఇంజను తిరుగుతూనే ఉంది.

వాడు తన ప్లాస్టిక్ కుర్చీని నా కుర్చీకి ఆనేదాకా లాక్కుని, సర్దుకుని కూర్చున్నాడు. వంటింట్లోంచి మా ఆవిడ, "ఆగిందాండీ?" అని అరిచింది.

"ఎక్కానక్కా" అన్నాడు వాడు. తరవాత నా భుజం మీద రెండుసార్లు తట్టి, కండక్టరులా "రైట్ రైట్" అన్నాడు.

ఎడమచేత్తో లీవరు పైకి లాగాను.